కళ్ళు తెరిచి చేసే ప్రార్థన

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా వీధి చివర బఖాలా నడిపే కడప భాయి. బఖాలా అంటే ఇక్కడ చిన్న కిరాణా కొట్టు. నేను పెరుగు డబ్బా, కొత్తిమీర కట్ట తీసి బల్ల మీద పెట్టి సంచీ విప్పాను. భాయి వాటిని నా వైపు తోయకుండా అలాగే చేత్తో పట్టుకున్నాడు. కొట్లో ఇంకెవరూ లేరు.

"అమ్మా, మీ పెద్దక్క వాళ్ళ సారును గుద్దిన ట్యాంకర్ డ్రైవర్ ఉండాడే, వాడు మనోడే. రాయచోటి. తెలుగోడు."

పెద్దక్క భర్త పోయింది ఆ ట్యాంకర్ కిందే. అప్పటిదాకా మా మనసుల్లో ఆ డ్రైవర్‌కి ఒక ఊరంటూ భాషంటూ లేదు. నీళ్ళ ట్యాంకర్ మాత్రమే ఉంది.

"ఇంగొకటి. అంబులెన్స్ వచ్చేదాంక సారు తల వాని ఒళ్ళోనే ఉండె. ఇద్దురూ తెలుగులో మాట్లాడుకున్యారంట. ఏం మాట్లాడినారో నాకు చెప్పల్యా. ఆయమ్మకే చెప్తా అంటాండాడు. ఆయమ్మ తనాజుల్ రాసిస్తే వాడు జైల్లోంచి బయటపడతాడు. రాసియ్యకుంటే ఎన్నాళ్ళుంటాడో దేవునికే ఎరుక. నేను ఆమెను అడగలేనమ్మా. ఆమె కొట్లోకొస్తే నేను తల ఎత్తలేకుండా ఉండా. మీరైతే చెల్లెలు లెక్క. ఒక మాట చెవిన ఏయండి, చాలు."

తనాజుల్ అంటే చనిపోయినవారి తాలూకు మనుషులు, మా హక్కు మేం వదులుకుంటున్నాం, ఇతన్ని క్షమిస్తున్నాం అని అధికారుల ముందు సంతకం చేసి ఇచ్చేది. ఈ దేశంలో పనిచేసేవాళ్ళు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

చెప్తానని నేను అనలేదు. చెప్పనని కూడా అనలేదు. పెరుగు తీసుకుని ఇంటికొచ్చి, గిన్నెలో వేసి, ఎందుకు తెచ్చానో మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

రియాద్‌లో మేముండేది ఒక ఆసుపత్రి ఉద్యోగుల భవనం. మా ఆయన ఆ ఆసుపత్రిలో ఏసీ మిషన్లు చూసుకుంటారు. నర్సులు డ్యూటీకి వెళ్ళినప్పుడు వాళ్ళ పిల్లలు నా దగ్గర ఉంటారు. పెద్దక్క మా పై అంతస్తు. నర్సాపురం వైపు మనిషి. పసిపిల్లల ఐసీయూలో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. ఆ భవనంలో తెలుగువాళ్ళు ఎవరొచ్చినా, వయసులో ఆమె కంటే పెద్దవాళ్ళయినా సరే, నెల తిరక్కుండా ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. నాకు మాత్రం ఆమె సైకిల్ నేర్పిన గురువు కూడా.

నేను బడికి వెళ్ళిన మనిషిని కాను. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు. తమ్ముళ్ళను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయాను. చదవడం, రాయడం మా మేనత్త పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. దానికి ఆమెకు రోజూ వందనాలు చెప్పుకుంటాను. కానీ మా వైపు సైకిల్ తొక్కే ఆడపిల్లలంటే బడికి వెళ్ళేవాళ్ళే. ఆ విద్య నాకు ఈ ఎడారి దేశానికి వచ్చాక, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక వచ్చింది. అక్క వెనక సీటు పట్టుకుని పరిగెత్తేది. "ముందుకి చూడవే! చక్రం వంక చూస్తావేంటి, అదెక్కడికీ పారిపోదు!" అని అరిచేది. ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియలేదు. వెనక్కి చూస్తే దూరంగా నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ నవ్వుతోంది.

మేం తొక్కేది వాదీలో. వాదీ అంటే లోయ. వాదీ హనీఫా రియాద్ పడమటి అంచు వెంబడి దక్షిణంగా పోతుంది. ఊరి మురుగు శుభ్రం చేసి వదిలిన నీరు అందులో ఏడాది పొడవునా ఏరులా పారుతుంది. రెండు గట్ల మీదా జమ్ము మనిషెత్తు పెరిగి ఉంటుంది. కొంగలు, నీటికోళ్ళు మా గోదావరి జిల్లా నుంచి మాతోపాటే వచ్చినట్టు అనిపిస్తాయి. చేపలు పట్టకూడదని, పక్షుల జోలికి వెళ్ళకూడదని బోర్డులున్నాయి. ఖర్జూరం తోటల పక్కగా సైకిళ్ళకు, నడిచేవాళ్ళకు చదును చేసిన బాట ఉంది. ఆడవాళ్ళు సైకిల్ తొక్కడం ఇప్పుడు ఎవరూ తలతిప్పి చూసే సంగతి కాదు. అబాయా, అంటే ఇక్కడ ఆడవాళ్ళు బట్టల మీద వేసుకునే పొడుగు అంగీ, దాని అంచు ఎత్తి నడుముకు దోపుకునే పద్ధతి అక్కదే. నాట్లకు దిగే ఆడవాళ్ళు చీర ఎగ్గట్టినట్టే.

శుక్రవారం పొద్దున్న అక్కడికి వెళ్ళడం వెనక ఇంకో కారణం ఉంది. మేం క్రైస్తవులం. మా భవనంలో కలిసి ప్రార్థన చేసుకోవడానికి చోటు కుదరదు. ఒక గదిలో నైట్ డ్యూటీ దిగినవాళ్ళు పడుకుంటారు, ఇంకో గదిలో పిల్లలు గోల. అందుకని అక్క ఒక పద్ధతి పెట్టింది. ఇద్దరిద్దరుగా పక్కపక్కన మెల్లగా తొక్కుతాం. ఒకరు గొంతు తగ్గించి ప్రార్థన చెప్తారు, రెండోవాళ్ళు వింటారు. చూసేవాళ్ళకు ఇద్దరాడవాళ్ళు ఇంటి సంగతులు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. నిజానికి మేం దేవుడికి చెప్పుకునేవీ ఇంటి సంగతులే.

దీనికి ఒకటే నియమం. కళ్ళు మూయకూడదు. వినడానికి తేలిక. కానీ మేమంతా పాలు తాగే వయసు నుంచి, ప్రార్థన మాట చెవిన పడగానే కళ్ళు మూసుకోవడం అలవాటైన మనుషులం. రెప్పలు మన మాట వినవు. పాలకొల్లు నుంచి కొత్తగా వచ్చిన ఒక నర్సమ్మాయి మొదటి వారమే "పరలోకమందున్న" అనేసరికి ఖర్జూరం చెట్టుకు గుద్దుకుంది. అక్క సైకిల్ దిగి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒసేయ్, దేవుడు నీ కళ్ళల్లోకి చూస్తే ఏం అరిగిపోడే! తెరిచి ఏడువు!" అంది. ఆ పిల్ల నుదుటి మీద బొప్పి తగ్గేదాకా వార్డులో అందరికీ అదే కథ.

అక్క భర్తను మేం బావగారు అనేవాళ్ళం. అదే ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. సైకిళ్ళన్నీ ఆయనే కొని, బాగుచేసి ఇచ్చినవే. శుక్రవారం మాకంటే ముందే వెళ్ళి బాట మీద గాజు పెంకులుంటే ఏరేవారు. మా చక్రాలకు గాలి కొట్టి, తను మాత్రం చాలా ముందుకు వెళ్ళిపోయేవారు. "ఆడవాళ్ళ ప్రార్థనలు వినకూడదమ్మా. సగం మా మీద ఫిర్యాదులే" అనేవారు.

ఆయన పోయిన రోజు అక్క డ్యూటీలో ఉంది. ఆయన ఒక్కరే వాదీకి వెళ్ళి తిరిగి వస్తున్నారు. మట్టిబాట తారు రోడ్డుని కలిసే చోట ఒక నీళ్ళ ట్యాంకర్ వెనక్కి వస్తోంది. అంతే. అంతకంటే ఎక్కువ మాకెవరికీ తెలియదు.

అక్క ఆయన్ని ఊరికి తీసుకెళ్ళి మట్టికప్పగించి తిరిగొచ్చింది. డ్యూటీలో చేరింది. వంట చేసుకుంది, మాతో మాట్లాడింది. ప్రార్థన మాత్రం మానేసింది. నేను ఒకసారి, ఉండబట్టలేక, ఎందుకక్కా అని అడిగాను. ఉల్లిపాయ కోస్తున్న చేయి ఆపకుండానే చెప్పింది.

"మోకాళ్ళేస్తే దేవుడు ఆ డ్రైవర్ సంగతి అడుగుతాడే. క్షమించావా అని. ఏం చెప్పను? లేదని చెప్పి, మళ్ళీ నాకిది కావాలి అది కావాలి అని ఏ మొహంతో అడగను? అందుకే అసలు ఆ వీధికే పోవట్లేదు."

ఆసుపత్రి తరఫున కాగితాల పనులు చూసే మనిషిని ఇక్కడ మందూబ్ అంటారు. ఆయన తనాజుల్ విషయం అప్పటికే అక్క దగ్గర ఎత్తాడు. అక్క కుదరదంది. ఊళ్ళో ఉన్న మరిది, వదిన మాటే నా మాట అన్నాడు. అంటే అంతా ఆమె చేతిలోనే ఉంది. ఆ తర్వాత ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోయేవాళ్ళకు ఇచ్చే ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుంది. ఆమె ఏమీ తేల్చకుండా దేశం దాటితే ఆ డ్రైవర్ కేసు ఎన్నాళ్ళు నానుతుందో ఎవరికీ తెలియదు. కడప భాయి నన్ను ఆపింది ఆ వారంలోనే.

నేను మాట మోసుకుని తిరిగాను. మెట్ల మీద అక్క ఎదురైతే నోటిదాకా వచ్చేది. ఆమె కళ్ళ కింద నలుపు చూసి మింగేసేదాన్ని. ఒక పక్క చెరసాలలో ఉన్న మనిషి, ఇంకో పక్క నా అక్క. ఎవరి బరువు ఎక్కువని తూచను? దేవుడా నువ్వే సందు చూపించు అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే అక్కే తలుపు కొట్టింది.

"సైకిళ్ళు కేరళ నర్సమ్మాయిలకిచ్చేస్తున్నా. ఇచ్చే ముందు ఓసారి తొక్కొద్దాం, రా. ముందే చెప్తున్నా, ప్రార్థనా గీర్థనా అన్నావంటే అక్కడే దిగి టాక్సీ ఎక్కేస్తా."

"అననక్కా" అన్నాను. నిజంగానే అనకూడదనే అనుకున్నాను.

మట్టిబాట తారు రోడ్డుని కలిసే చోటు రాగానే అక్క సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటింది. నేనూ దిగాను. బాట ఎక్కాక ఆమె నా కుడి పక్కన, ఏటి వైపు తొక్కుతోంది. చలికాలం పోతూ ఉన్న రోజులు. నీళ్ళ మీద నుంచి సన్నగా చల్లగాలి. ఒక తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని పోనిచ్చింది.

నాకొక అలవాటుంది. మంచిది ఏదైనా కంటపడితే నోరు దానంతటదే "వందనాలయ్యా" అంటుంది. ఎండ తగ్గినా అంటాను, అన్నం చక్కగా ఉడికినా అంటాను. మా ఆయన వెక్కిరిస్తారు కూడా. ఆ పొద్దున అది నోటి నుంచి వచ్చేసింది. వచ్చాక ఆగలేదు. నీళ్ళకు వందనాలు అన్నాను. ఈ బాటకు వందనాలు. నాకు సైకిల్ నేర్పిన చేతులకు వందనాలు. మా చక్రాలకు గాలి కొట్టిన మనిషిని, మా కాళ్ళ కిందకు గాజు పెంకు రానివ్వని మనిషిని మాకిన్నాళ్ళు ఇచ్చినందుకు...

పక్కన జమ్ము విరిగిన చప్పుడు. తర్వాత నీళ్ళ చప్పుడు.

తిరిగి చూస్తే అక్క లేదు. సైకిల్ వెనక చక్రం ఒక్కటే జమ్ములో పైకి తేలి తిరుగుతోంది. నేను నా సైకిల్ పడేసి గట్టు దిగాను. మోకాలి లోతు బురదలో అక్క కూర్చుని ఉంది. తలంతా పచ్చగడ్డి. ఏడుస్తోందో తిడుతోందో తెలియడం లేదు.

"నోర్ముయ్యమన్నానా నిన్ను! అననన్నావుగా! దొంగ మొహమా!"

"దెబ్బ తగిలిందా అక్కా?"

"తగలక ముద్దు పెడుతుందా? చెయ్యియ్యి ముందు!"

దగ్గర్లో చాప పరుచుకుని కాఫీ తాగుతున్న ఒక సౌదీ పెద్దావిడ మమ్మల్ని చూసి లేచి వచ్చింది. ఇద్దరం కలిసి అక్కని పైకి లాగాం. ఆవిడ తన ఫ్లాస్కు, నీళ్ళ సీసా తెచ్చుకుని, అక్కని బల్ల మీద కూర్చోబెట్టి, సొంత కూతురికి కడిగినట్టు చేతులు కడిగింది. చిన్న గిన్నెలో కాఫీ పోసి ఇచ్చింది. బాట తిన్నగా ఉంది కదా, ఎలా పడ్డావు అని అరబీలో అడిగింది.

అక్క అరబీ వార్డులో తల్లులతో మాట్లాడి నేర్చుకున్నది. "కళ్ళు మూసుకున్నాను" అంది.

"నిద్ర పట్టిందా?"

"లేదు." అక్క కాఫీ గిన్నెలోకి చూసింది. తర్వాత అంది. "దుఆ."

దుఆ అంటే ప్రార్థన. నాకు చెప్పలేని మాట ఊరూ పేరూ తెలియని ఆ పెద్దావిడకు చెప్పింది. ఆవిడ ఎవరి కోసం అని అడగలేదు. అక్క భుజం మీద చెయ్యి వేసి, దేవుడు వింటాడు అన్న అర్థం వచ్చే మాట ఏదో అని, మమ్మల్ని మా మానాన వదిలి తన చాప దగ్గరికి వెళ్ళిపోయింది.

కాఫీ తాగేసి అక్క నా వైపు తిరిగింది. "ఏంటే, మొదలెట్టి మధ్యలో ఆపేశావ్? కానియ్."

నేను కానిద్దామనుకున్నాను. ఆమె జుట్టులో చిక్కుకున్న గడ్డి ఏరడం మొదలుపెట్టాను.

"సరేలే. నీకొకటి చెప్పాలనుంది కదా, అదైనా చెప్పు. నన్ను చూసినప్పుడల్లా మాత్ర మింగినట్టు మింగుతున్నావు. ఆ బఖాలా అతను నన్ను చూస్తే తల దించేస్తున్నాడు. ఇద్దరూ కలిసి ఏం దాస్తున్నారు?"

చెప్పాను. రాయచోటి మనిషని, తల ఒళ్ళో పెట్టుకున్నాడని, ఇద్దరూ మాట్లాడుకున్నారని, ఆ మాటలు నీకే చెప్తానంటున్నాడని.

"తెలుగులోనా?" అంది.

"తెలుగులోనే అంట."

అక్క రెండు చేతులతో మొహం మూసుకుంది. "ఆయన మాట అర్థమయ్యేవాళ్ళు పక్కన ఒక్కరూ లేకుండా పోయారనుకున్నానే. ఇన్నాళ్ళూ నా బాధ అదేనే."

మర్నాడే మందూబ్‌ని పిలిచి, ఆ డ్రైవర్‌ని చూస్తానంది. సంతకం మాట మాత్రం ఎత్తొద్దని ముందే చెప్పింది. తోడుగా మా ఆయన వెళ్ళారు. నేను పిల్లలతో ఇంట్లో ఉన్నాను. వాళ్ళు వచ్చేదాకా ఏ పనీ చేతికి రాలేదు. ప్రార్థన చేయబోయినా దేనికని అడగాలో తేలలేదు. క్షమించమని అడగాలా, క్షమించలేకపోయినా ఆమెను వదలొద్దని అడగాలా? రెండూ అడిగాను.

అక్క తిరిగొచ్చి నా వంటింట్లో పీట మీద కూర్చుంది. తనే చెప్పింది.

అతను ఆమె కంటే చిన్నవాడట, నలభై ఉంటాయేమో. తలెత్తలేదట. ట్యాంకర్ దిగి చూసి, "అయ్యో దేవుడా, ఎంత పనైపాయ" అని అతను అరిచిన అరుపుకి బావగారు కళ్ళు తెరిచారట. మొదట అడిగిన మాట, "ఏ ఊరు బాబూ మీది?"

"చూడవే" అంది అక్క. "అలా పడి ఉండి, ఏ ఊరని అడుగుతారా ఎవరైనా? ఆయన కాకపోతే?" నవ్వబోయి ఆపుకుంది.

రాయచోటి సార్ అన్నాడట అతను. తర్వాత బావగారు, సైకిల్ దారికడ్డంగా ఉంది, పక్కకి తియ్యి, ఎవరన్నా పడతారు అన్నారట. తల ఒళ్ళో ఉంది, ఎలా లేస్తాడు? తీస్తా సార్, తీస్తా సార్ అంటూనే ఉన్నాడట. తీయలేకపోయాడట.

"అప్పుడు నేను అడిగాను" అంది అక్క. "నా గురించి ఏమైనా అన్నారా బాబూ అని."

నేను పాలు పొయ్యి మీద పెట్టి ఆమె వైపు తిరిగాను.

"లేదమ్మా అన్నాడు. ఇంగేం మాట్లాడలేదమ్మా, అంతే, అన్నాడు."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మా పెద్దాడు వచ్చి కట్టేశాడు.

"అన్నారని చెప్పొచ్చు కదే వాడు. మా ఆవిడ జాగ్రత్త అన్నారమ్మా అని ఒక్క మాట కల్పిస్తే, నేను అక్కడే కాళ్ళ మీద పడిపోయేదాన్ని. వాడికీ తెలుసు ఆ సంగతి. వాడి బతుకంతా నా సంతకం మీదుంది. అయినా కల్పించలేదు. నా మొగుడి చివరి మాటలు ఉన్నవి ఉన్నట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి తగ్గలేదు, ఒకటి పెరగలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "సంతకం పెట్టేశానే."

ఆ మాటకు నేను వందనాలయ్యా అని పైకి అనలేదు. లోపల అనుకున్నాను.

వెళ్ళే ముందు అక్క కడప భాయి కొట్టుకు తనే వెళ్ళి వేరుశనగ పప్పు, సబ్బులు కొనుక్కుంది. ఆయన ఏదో చెప్పబోతే, "ముందు సంచీలో వెయ్యి భాయ్, ఫ్లైటుకి టైమవుతుంది" అందట. రాయచోటి మనిషి కొన్నాళ్ళకు బయటికొచ్చాడు. ఊరెళ్ళిపోయాడని భాయి చెప్పాడు. అంతకు మించి అతని సంగతి నాకు తెలియదు.

అక్క ఇప్పుడు నర్సాపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటాం. ఆమె చేసింది చాలా గొప్ప పనని ఇక్కడ మావాళ్ళంతా చెప్పుకుంటారు. నేను ఆ మాట ఆమెతో అంటే విసుక్కుంటుంది. "సంతకం ఒక్కరోజు పనే. కొన్ని పొద్దుల్లో లేస్తూనే ఆ ట్యాంకర్ మీద ఒళ్ళు మండిపోతుంది. మళ్ళీ మొదట్నుంచీ క్షమించుకుంటూ రావాలి. కొన్ని రోజులు సాయంత్రమైనా అవదు. గొప్పా లేదు, ఏమీ లేదు" అంటుంది. మళ్ళీ ప్రార్థన చేస్తోంది. దేవుడు అడిగితే, నిన్న క్షమించాను, ఇవాళ ఇంకా చూస్తున్నాను అని చెప్తుందట.

ఇది చదివిన మీరు ఏ విధంగా ప్రార్థించేవారైనా, అసలు ప్రార్థించే అలవాటు లేనివారైనా సరే, పొద్దున్న లేచినప్పుడు ఒక్క క్షణం మా పెద్దక్కను తలుచుకోండి. ఆ వేళకు ఆమె పని ఇంకా మొదట్లోనే ఉంటుంది.